బోర్లా నేసిన పేరు

మొన్న అనంతపురంలో కంప్యూటరు క్లాసులు నడిపే ఒకాయన మా ఇంటికి వచ్చాడు. "పిల్లలు కొత్త కంప్యూటరు భాష మొదలుపెడుతున్నారు సార్. ఎట్లా నేర్చుకోవాలో నాలుగు మాటలు రాసియ్యండి" అన్నాడు. నేను కంప్యూటరు ముట్టినవాణ్ణి కాదు. ఆ మాటే చెప్పాను. "మీరు అట్టల మీద చిల్లులు కొట్టినవాళ్లు గదా సార్. తొలినాళ్లలో కంప్యూటర్లకు కూడా చిల్లుల అట్టలతోనే పని చెప్పేవాళ్లంట" అన్నాడు. ఆయన చేతిలో ముప్పై రోజుల్లో భాష నేర్పిస్తామన్న కరపత్రం ఒకటి ఉంది. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒప్పుకున్నాను.

పొగడ్తలూ ప్రోత్సాహాలూ కావాలంటే ఇంకెవరినైనా అడగండి. నేను చెప్పగలిగింది నేనెట్లా నేర్చుకున్నానో, నాకంటే బాగా నేర్చుకున్న మనిషి ఏమైపోయిందో, అంతే. అందులో నా తప్పు ఎంతో కూడా రాస్తాను.

అట్ట అంటే

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మగ్గాల మీదికి యాభైల చివర్లో, అరవైల మొదట్లో జాకార్డు పెట్టెలు ఎక్కుతున్నాయి. అంతకుముందు అంచులో హంసో కొంగులో మామిడిపిందో రావాలంటే, ఏ పోగులు పైకి లేవాలో మనిషే చేత్తో ఎత్తి చూపాలి. జాకార్డు పెట్టెకు ఆ పని అట్టలు చెబుతాయి. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు పోగు, అంటే నిలువు దారం, పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క అట్ట అంటే జరీ దారం ఒక్కసారి ఆ దరినుంచి ఈ దరికి పోవడం. వందల అట్టలను వరుసలో దారంతో కుట్టి పెట్టెకు తగిలిస్తే బొమ్మ దానంతటదే దిగుతుంది. చిల్లు, చిల్లు లేకపోవడం, ఈ రెండే అక్షరాలు. మా భాష మొత్తం అంతే.

రెండే అక్షరాలు కాబట్టి రెండు రోజుల్లో వస్తుందనుకునేవాళ్లు మా కాలంలోనూ ఉన్నారు. వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

పుస్తకంతో వచ్చాను

మాది గుత్తి. మగ్గం పుట్టిన ఇల్లు కాదు. డ్రాయింగు పరీక్ష పాసై, మద్రాసులో ఆరు నెలలు గీతల కాగితం మీద డిజైన్లు దించడం నేర్చుకుని, ధర్మవరంలో ఒక శిక్షణ కేంద్రంలో బోధకుడిగా చేరాను. ఆ కేంద్రం పేరు చెప్పను. అందరూ నన్ను గుత్తి సార్ అనేవాళ్లు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, తలపొగరు మాత్రం నలభై నాలుగేళ్లవాడిది.

మొదటి రోజే మగ్గం దగ్గర పడుగు, పేక, జాకార్డు గురించి నోటుపుస్తకం చూసి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. మగ్గం మీద కూర్చున్న నేతగాడు నాగప్ప. పెద్దవాడు. నేను ముగించేదాకా ఓపిగ్గా విని, "ఏమప్పా, నేసినావా ఎప్పుడన్నా?" అని అడిగాడు.

"నేను నేర్పడానికి వచ్చాను, నేయడానికి కాదు" అన్నాను.

"అట్లనా. ఈత రానోడు ఈత నేర్పిచ్చినట్ల" అన్నాడు. చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు.

ఆ నవ్వు నాకు మేలే చేసింది. మూడో రోజు సిగ్గు చంపుకుని నాగప్ప దగ్గరికి పోయాను. ఆయన పుస్తకం తెరవనివ్వలేదు. నడుస్తున్న అట్టల్లోంచి ఒకదాన్ని చూపించి, "దీంట్లో ఒక చిల్లు కాగితం ముక్కతో మూసెయ్యి. యాడ దెబ్బ తగుల్తాదో ముందు చెప్పు. చెప్పినంకనే నేస్తా" అన్నాడు. నేను ఆకు చివర తగులుతుందన్నాను. హంస మెడలో తగిలింది. మళ్లీ ఇంకొకటి మూయించాడు. వారం రోజులు అదే పని. ఎనిమిదో రోజుకు పదింటిలో ఏడు సరిగ్గా చెప్పగలిగాను. మద్రాసులో ఆరు నెలలు నేర్చుకున్నదానికంటే ఆ వారంలో నేర్చుకున్నదే ఎక్కువ. నడుస్తున్నదాన్ని తీసుకుని, ఒక్కటే మార్చి, ఏమవుతుందో ముందే నోటితో చెప్పి, తర్వాత చూడాలి. ముందు చెప్పకపోతే ఏమైనా సరే "నేననుకున్నదే" అనిపిస్తుంది. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు లెక్కలేదు.

ఎలుక కొరికిన బుటా

మా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ మొదటి నెలలోనే నెమలి కావాలి. నాలుగు గళ్ల చుక్క దించమంటే నామోషీ. అట్లాంటివాళ్లు ఇద్దరు, నేను ఊళ్లో లేని సమయంలో ఒక పాత చీర అట్టలు సంపాదించి చిల్లుకు చిల్లు కొత్త అట్టల మీదికి దించేశారు. నెమలి వచ్చింది. నెమలి పక్కన ప్రతి బుటాలోనూ, అంటే చీరంతా పరుచుకునే చిన్న పువ్వులో, ఒక వంకర మచ్చ కూడా వచ్చింది.

పాత అట్టలు తెప్పించి చూశాను. ఒక అట్టను ఎలుక కొరికింది. ఆ కొరుకుడును కూడా వీళ్లు డిజైను అనుకుని ఒద్దికగా దించారు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ చీరలు కొన్న షావుకారు రెండో విడతకు "ఆ మచ్చ బాగుండాది, తియ్యొద్దండి" అని చెప్పి పంపాడు. ఆ ఇద్దరూ దాన్ని తమ గొప్ప కింద జమ కట్టుకున్నారు. ఆ మచ్చ ఎందుకొచ్చిందో వాళ్లకు చివరిదాకా తెలియదు. ఎందుకొచ్చిందో తెలియనిదాన్ని దించుకుంటూ పోయేవాడికి భాష వచ్చినట్టు కాదు, చేయి తిరిగినట్టు మాత్రమే.

ఓబుళమ్మ

ఇక నాకంటే బాగా నేర్చుకున్న మనిషి సంగతి.

ఓబుళమ్మ బత్తలపల్లె పక్క పల్లె నుంచి వచ్చింది. రెండేళ్లు వరసగా చెనిక్కాయ పంట ఎండిపోయి, మొగుడు పనికోసం బళ్లారి దిక్కు పోయి తిరిగి రాక, కేంద్రంలో రోజుకూలికి చేరింది. పని ఏమిటంటే, మేము చిల్లులు కొట్టిన అట్టలను వరుస తప్పకుండా దారంతో కుట్టడం. అక్షరం ముక్క రాదు. అయినా వరుస ఏనాడూ తప్పలేదు. నేను ప్రతి అట్టకూ ఎడమ కొసన నంబరు రాసేవాణ్ణి. ఓబుళమ్మ ఆ అంకెలను చదవకుండా, బొమ్మలుగా గుర్తుపెట్టుకుంది.

ఒకరోజు కుడుతూ కుడుతూ ఆగి, ఒక అట్ట నా ముందర పెట్టింది. "ఇది తప్పుండాది సార్" అంది.

"నీకెట్లా తెలుసు?"

"దీని ముందరిదీ, ఎనకదీ నున్నగా పోతాండాయి. ఈడ వేలు ఎగిరి పడతాంది."

చూశాను. ఒక చిల్లు ఉండాల్సిన చోటికి ఒక గడి పక్కన కొట్టి ఉంది. నేను కొట్టిందే. అది మగ్గం ఎక్కి ఉంటే పట్టు పాడయ్యేది, ఆ తప్పు వెతకడానికి రెండు రోజులు పట్టేది. ఓబుళమ్మ కుట్టిన ఏడాది కాలంలో వేళ్లతోనే చదవడం నేర్చుకుంది. ఏ అట్టలో మామిడిపిందె తోక మొదలవుతుందో కళ్లు మూసుకుని చెప్పేది. ఎవరూ నేర్పలేదు. ఇతరులు కొట్టిన అట్టలను వేల సంఖ్యలో, ఒక్కొక్కటీ తడిమి చదివింది. మా శిక్షణార్థుల్లో ఒక్కడూ ఇతరుల అట్ట చదివినవాడు కాదు. అందరికీ తమ నెమలి తమకే కావాలి.

నేను మెల్లగా ఆమె చేత చిల్లులు కొట్టించడం మొదలుపెట్టాను. చిన్న చుక్కతో మొదలుపెట్టి, గళ్లు, ఆకు, చివరికి హంస దాకా వచ్చింది. ఆ హంసను అనంతపురం ప్రదర్శనకు పంపాం. దాని పక్కన పెట్టిన కాగితం మీద, చేసినవాడిగా నా పేరు రాశారు. నేను కాదనలేదు. ఇది నా మొదటి తప్పు, చిన్నది కాబట్టి అప్పుడు నొప్పి తెలియలేదు.

ఆ ఏడాది అట్టలు కొట్టే ఉద్యోగం ఒకటి పర్మనెంటుగా మంజూరయింది. ఓబుళమ్మ పేరు సిఫారసు చేసింది నేనే. సూపరింటెండెంటుగారు కోస్తా నుంచి వచ్చినాయన. ఆరేళ్లుగా ఆ కేంద్రాన్ని నడుపుతూ ఒక్కనాడూ మగ్గం కింద తల పెట్టి చూడనివాడు. "చదువు లేదు కదయ్యా" అని కాసేపు నసిగి, "సరే, వచ్చే నెల మంత్రిగారు మన కేంద్రానికి వస్తున్నారు, ఆ కార్యక్రమం అయిపోనీ, సంతకం పెడతాను" అన్నారు. ఆ మాట ఓబుళమ్మకు చెప్పాను. నమ్మలేదు. "పర్మనెంటు అంటే వానల్లేకున్నా ఉంటాదా సార్?" అని అడిగింది. ఉంటుందన్నాను.

మంత్రిగారి శాలువా

మంత్రిగారికి కప్పే పట్టుశాలువా మీద ఆయన పేరు జరీ అక్షరాలతో నేయాలని సూపరింటెండెంటుగారి ముచ్చట. అక్షరాలు మేమెవరమూ అంతవరకు నేయలేదు. నేనే గీతల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు దించి, నేనే చిల్లులు కొట్టాను. ఓబుళమ్మ కుట్టింది.

కుట్టడం అయిపోయాక అట్టలను నేలమీద వరుసగా పరిచి, చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"గేటు కాడ బోర్డు మీద రాతా, ఇదీ ఒకే దిక్కు తిరిగుండాయి సార్."

"మరి? అట్లాగే కదా ఉండాల్సింది?"

"మన మగ్గం మీద గుడ్డ బోర్లా గదా పండుకోనుండేది. మంచి ముఖం కిందికి గదా. తిప్పితే అద్దంలో మాదిరి రాదా?"

నిజమే. జరీ పని ఉన్న గుడ్డను మేము బోర్లా నేస్తాం. అట్లా అయితే లేపాల్సిన పోగులు తక్కువ, కాలిపలక తొక్కడం తేలిక. హంస బోర్లా నేస్తే అటు చూసే హంస ఇటు చూస్తుంది, ఎవరికీ నష్టం లేదు. అందుకే అన్నేళ్లలో ఎవరమూ ఆ సంగతి ఆలోచించలేదు. అక్షరం హంస కాదు. ఆ ముక్క అక్షరం రాని మనిషికి తట్టింది. చదివిన నాకు తట్టలేదు.

తట్టకపోవడం తప్పు కాదు. చెప్పిన తర్వాత నేనన్నమాట తప్పు. "బడి ముఖం చూడనిదానివి, నాకు రాత నేర్పుతావా?" అన్నాను. పక్కన నలుగురు శిక్షణార్థులు ఉన్నారు. వాళ్ల ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోయింది. ఓబుళమ్మ అట్టలు మడిచి నాగప్ప మగ్గం దగ్గర పెట్టింది.

నాగప్ప నేయడం మొదలుపెట్టాడు. పైనుంచి చూస్తే అక్షరాలు మసకగానైనా చక్కగా, సూటిగా దిగుతున్నాయి. ఓబుళమ్మను పిలిచి చూపించాను. "ఏమంటావు? సరిగ్గా వస్తోందా లేదా?"

"పైన వస్తాంది సార్" అంది. "కింద?"

వంగి చూడొచ్చు. గుడ్డ కింద చేతి అద్దం పట్టుకున్నా చాలు. నేను వంగలేదు. నాగప్పకు అక్షరాలు రావు, ఆయన దృష్టిలో అవి వంకర తీగలు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఆ సామెత నాకోసమే పుట్టింది.

మంత్రిగారు వచ్చే రోజు పొద్దున శాలువా కోసి, తిప్పి, బల్లమీద పరిచారు. పేరు మొత్తం తిరగబడి ఉంది.

సూపరింటెండెంటు గది

మంత్రిగారికి బజారులో కొన్న శాలువా కప్పారు. కార్లు వెళ్లిపోయాక నన్నూ ఓబుళమ్మనూ నాగప్పనూ గదిలోకి పిలిచారు.

"ఎవరి నిర్వాకం ఇది? నాకు పేరు కావాలి" అన్నారు సూపరింటెండెంటుగారు.

ఇప్పటికీ ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. నేను భయపడ్డాను. ఉద్యోగం పోతుందనే భయం ఉంది, దానికంటే పెద్దది "మద్రాసులో చదివిన గుత్తి సార్ ఇంతేనా" అంటారనే భయం. నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "అట్టలు తిరగేసి కుట్టారు సార్."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కానీ తెలివైన అబద్ధం. అట్టలను తిరగేసి కుడితే నిజంగానే బొమ్మ తిరగబడుతుంది. భాష తెలిసినవాడు చెప్పే అబద్ధం తెలియనివాడికి సత్యం లాగే వినిపిస్తుంది.

ఓబుళమ్మ నా ముఖం చూసింది. ఏడవలేదు, కేకలు వేయలేదు. సూపరింటెండెంటుగారి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "అట్టకు ఎడమ కొసన సార్ రాసిన నంబరు ఉండాది. తిరగేసి కుట్టింటే ఆ నంబరు కుడి పక్కకు పోయి, కిందికి పడుంటాది. అట్టలు ఇంగా మగ్గం మీదనే ఉండాయి. వచ్చి చూడు సార్. నంబరు యాడుందో చూస్తే చాలు."

అంతకంటే తేలికైన సాక్ష్యం లోకంలో ఉండదు. పది అడుగులు నడిచి చూస్తే సరిపోయేది. సూపరింటెండెంటుగారు లేవలేదు. ఆయన నావైపు చూశారు. "ఏమిటయ్యా, ఈ నంబర్ల గొడవ?"

ఇక్కడ నిజం చెప్పడానికి నాకు రెండో అవకాశం వచ్చింది. "అవి మా లెక్క కోసం రాసుకునేవి సార్. వాటితో సంబంధం లేదు" అన్నాను.

మొదటి అబద్ధం భయంతో చెప్పాను. రెండోది ఆలోచించుకుని చెప్పాను.

"వెళ్లమ్మా, రేపటినుంచి రానక్కర్లేదు" అన్నారాయన. నాగప్ప తల దించుకుని నిల్చున్నాడు. సాయంత్రం మగ్గం దగ్గర నాతో అన్నాడు: "నేను చూసినానప్పా. నంబర్లన్నీ ఎడమ పక్కనే, పైకే ఉండాయి."

"మరి గదిలో చెప్పలేదెందుకు?"

"నాకు నలుగురు బిడ్డలుండారు. నీకు? పెండ్లి గూడా కాలేదు గదప్పా. నువ్వెందుకు చెప్పలేదు?"

ఆ తర్వాత నాగప్ప నాతో పని మాట తప్ప వేరే మాట ఆడలేదు.

నేర్చుకునేవాళ్లకు

సూపరింటెండెంటుగారి గురించి ఒక మాట. ఆయన దుర్మార్గుడు కాదు. లంచం ముట్టలేదు, ఎవరినీ కొట్టలేదు. కానీ తన కింద నడిచే పని భాష తనకు రాదు, రాదని ఒప్పుకోవడమూ రాదు. అట్లాంటివాడు తీర్పు చెప్పాల్సి వస్తే మాట వినడు, మనిషి హోదా చూస్తాడు. మీలో కొందరు రేపు అధికారులవుతారు. కనీసం నంబరు ఎక్కడ ఉందో వెళ్లి చూసేంత భాషైనా నేర్చుకోండి.

మిగిలినవి పైన చెప్పినవే. నడుస్తున్నదాన్ని విప్పి చూడండి. చిన్న చుక్కతో మొదలుపెట్టండి. ఇతరులు రాసింది రోజూ చదవండి, మీరు రాసేదానికంటే నాలుగింతలు చదవండి. తప్పు దొరికితే సిగ్గుపడకండి, దాక్కోకండి. మీ తప్పు పట్టిన మనిషి ఎవరైనా సరే, ఆ మనిషి పక్కన కూర్చోండి. ముప్పై రోజుల్లో వస్తుందని చెప్పేవాడికి భాషా రాదు, సిగ్గూ లేదు.

ఇదంతా నేను ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఎందరికో నేర్పాను. మంచి బోధకుడని పేరు వచ్చింది. వేళ్లతో చదివే పద్ధతి నేను కనిపెట్టిందే అని నా శిష్యులు ఈనాటికీ అనుకుంటారు.

బత్తలపల్లె దారి

రెండేళ్ల తర్వాత పెద్ద కరువు. ఆ ఎండాకాలం అనంతపురం నుంచి బస్సులో ధర్మవరం పోతున్నాను. బత్తలపల్లె దాటాక రోడ్డు పని జరుగుతోంది, బస్సు ఆగింది. కరువు పనికి వచ్చినవాళ్లు రోడ్డు పక్కన రాళ్లు కొడుతున్నారు. అందరికీ తలమీద గుడ్డ, ముఖం నిండా తెల్లటి దుమ్ము. కాళ్లు చాపుకుని కంకర కొడుతున్న ఒక మనిషిని కూర్చున్న తీరును బట్టి గుర్తుపట్టాను. దిగి దగ్గరికి పోయాను.

"బాగుండావా సార్" అని ఆమే ముందు పలకరించింది. సుత్తి ఆపలేదు.

అట్టలు కొట్టే ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది. రెండేళ్లలో ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పనికి రాలేదు. సూపరింటెండెంటుగారు నన్నే మనిషిని చూడమన్నారు. అదే చెప్పాను. "మళ్లీ రా ఓబుళమ్మా. ఈసారి నేను చూసుకుంటాను. పర్మనెంటే."

సుత్తి ఆగింది. నావైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు. పని గురించి అడిగినట్టే అడిగింది.

"అట్టలు తిరగేసి కుట్టలేదని చెప్పినావా సార్?"

"అది పాత సంగతి కదా. ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేదు. వచ్చి పని మొదలుపెట్టు, మెల్లగా..."

"చెప్పినావా?"

"లేదు" అన్నాను. "చెబుతాను. నువ్వు చేరిన తర్వాత తప్పకుండా చెబుతాను."

ఓబుళమ్మ నా మాట చివరిదాకా వింది. పక్కనున్న ఆడవాళ్లు కూడా సుత్తులు ఆపి చూస్తున్నారు. వెనక బస్సు హారను కొట్టింది.

"చెప్పినంక రా సార్, వస్తా" అంది. "ఇప్పుడు బస్సు పోతాంది. ఎక్కు."

నేను ఎక్కాను.